డబ్బాతో మాట్లాడే అద్దాలక్క

ఆవిడకి భయం లేనిదంటూ లోకంలో ఏదైనా ఉందా అని అడిగితే, ఆవిడ అత్తగారు కాసేపు ఆలోచించి, "నిద్ర" అంటుంది. అదీ పూర్తిగా నిజం కాదు. పీడకల వస్తుందేమోనని నిద్రకి కూడా భయపడే మనిషి. లిఫ్టు ఎక్కాలంటే భయం. ఫోను మోగితే భయం. పనిచేసే కళ్ళద్దాల షాపులో యజమాని "ఒకసారి ఇలా రామ్మా" అంటే చాలు, గుండెల్లో రైళ్ళు పరిగెత్తుతాయి. ఆయన పిలిచింది మంచినీళ్ళ సీసా ఎక్కడుందో అడగడానికే అయినా సరే.

షాపులో అందరూ ఆవిడని అద్దాలక్క అంటారు. పెళ్ళికి ముందు నుంచీ అదే షాపు, అదే వెనక గది, అదే అరగదీసే యంత్రం. చీటీ మీది కొలతలు చూసుకోవడం, లెన్సు నడిమధ్య చుక్క పెట్టడం, అంచుని ఫ్రేముకి సరిపడా అరగదీయడం, పగలకుండా బిగించడం. యంత్రం రొదలో ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఎవరైనా సెలవు పెడితే తను ముందు కౌంటర్లో నిలబడాల్సి వచ్చిన రోజున మాత్రం, వచ్చినవాళ్ళు అడిగినదానికల్లా నీళ్ళు నమిలి, సాయంత్రానికి తలనొప్పితో ఇల్లు చేరేది.

అలాంటి మనిషి, ఊరూ పేరూ తెలియని వాళ్ళతో రేడియోలో మాట్లాడే సరదాలో పడిందంటే ఎవరు నమ్ముతారు? ఆవిడే నమ్మలేదు. కానీ పడింది.

మొదలైంది మాస్టారి కళ్ళజోడుతో. మాస్టారు అంటే బడిపంతులు కాదు, అద్దాలక్క ఇంటి వెనక వీధిలో బ్యాటరీల కొట్టు పెట్టుకున్న పెద్దాయన. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఏదో ఒకటి నేర్పిస్తూ ఉంటాడని అందరూ ఆ పేరు పెట్టారు. ఆయన కళ్ళజోడు ఏడాదికి రెండుసార్లు షాపుకి వచ్చేది. ప్రతిసారీ అద్దం నిండా సన్నటి కాలిన మచ్చలు. ఒకరోజు అద్దాలక్క ఉండబట్టలేక, కొత్త అద్దాలు బిగించిన జోడు తనే పట్టుకుని కౌంటర్లోకి వచ్చింది.

"మీరేం పని చేస్తారండీ? అద్దం మీద అన్నీ నిప్పురవ్వలు పడ్డ గుర్తులే."

ఆ ప్రశ్న కోసమే పుట్టినప్పటి నుంచీ ఎదురు చూస్తున్నట్టు ఆయన మొహం వెలిగిపోయింది. "రేడియోలు అతుకుతానమ్మా. అతికేటప్పుడు కరిగిన సీసం చిట్లి పడుతుంది. పాటలొచ్చే రేడియోలు కావు, మనం మాట్లాడే రేడియోలు. వచ్చి చూస్తావా?"

వెళ్ళి చూసింది. కొట్టు వెనక గదిలో, తీగల గుట్ట మధ్య ఒక పెట్టె. మాస్టారు చక్రం తిప్పాడు. బుసబుసల్లోంచి ఒక మగ గొంతు తేలింది. తమ దగ్గర పొద్దున్నుంచీ ముసురు పట్టిందనీ, మోకాలు సలుపుతోందనీ, నిన్నటి కంటే ఇవాళ కాస్త నయమనీ చెబుతోంది.

"ఎవరండీ ఆయన?"

"ఏమో. ఇప్పుడే పరిచయం," అన్నాడు మాస్టారు.

ఆవిడ ఆ రాత్రంతా ఆ మోకాలు గురించే ఆలోచించింది. మొహం కనపడదు. మొహం కనపడనప్పుడు మనిషికి భయమెందుకు? పరీక్ష ఉంటుందట, పాసైతే సర్కారు లైసెన్సు ఇస్తుందట, మనకంటూ ఒక పిలుపు గుర్తు ఇస్తుందట. ఇక పేరు కూడా అక్కర్లేదు. పిరికివాళ్ళ కోసమే ఎవరో కనిపెట్టిన సరదాలా అనిపించింది ఆవిడకి.

చదవడంలో, వినడంలో ఆవిడకి సాటి లేదు. మాస్టారు టకటకమని టెలిగ్రాఫు చుక్కలూ గీతలూ వాయిస్తే అక్షరాలు చెప్పేసేది. పరీక్ష పాసైంది. మొగుడు, బస్సు డిపోలో టైర్లు మార్చే మేస్త్రీ, ఆదివారం పూట డాబా ఎక్కి గొణుక్కుంటూనే యాంటెనా నిలబెట్టాడు. "ఇది పిడుగుని పిలిచి కాఫీ ఇచ్చేలా ఉందే," అన్నాడు. ఆ మాటతో ఆవిడకి ఇంకో వారం భయం. అత్తగారు మర్నాడే కిందికి వచ్చే కేబుల్ మీద తువ్వాళ్ళు ఆరేసింది.

పిలుపు గుర్తు వచ్చింది. దాని చివరి మూడక్షరాలు కె, ఇ, టి లని గాలిలో స్పష్టంగా తెలియడానికి కిలో, ఎకో, టాంగో అని పలకాలి.

"కిలోనా? కిలో ఎంతట?" అంది అత్తగారు.

"నువ్వూరుకోవే అమ్మా, అది దాని పేరు," అన్నాడు మొగుడు. అని తనే పడీ పడీ నవ్వాడు.

ఊళ్ళో రేడియో వాళ్ళకి ఒక అలవాటుంది. రోజూ సాయంత్రం హాజరు. మాస్టారు ఒక్కొక్కరి గుర్తూ పిలుస్తాడు. పిలిచినవాళ్ళు మైకు మీట నొక్కి, బాగున్నామని చెప్పి, "ఓవర్" అని వదిలేస్తారు. ఓవర్ అంటే నా మాట అయిపోయింది, ఇక నీ వంతు అని. మీట నొక్కినంతసేపూ మన మాట వెళుతుంది, ఎదుటివాళ్ళది వినపడదు. వదిలితేనే వినపడుతుంది. అంతే శాస్త్రం. మూడేళ్ళ పిల్లాడికైనా వస్తుంది.

మొదటి సాయంత్రం మాస్టారు కిలో ఎకో టాంగో అని పిలిచాడు. ఆవిడ మీట నొక్కింది. ఊరంతా చెవులు రిక్కించుకుని తన మీదే వంగి చూస్తున్నట్టు తోచింది. మొహాలు కనపడకపోవడం ఇంకా ఘోరమని అప్పుడు తెలిసింది. నవ్వుతున్నారో, విసుక్కుంటున్నారో తెలియదు కదా! మీట వదిలేసింది.

"ఎవరో నొక్కి ఊరుకున్నారండీ," అంది ఒక గొంతు.

"పర్లేదు. తరవాత," అన్నాడు మాస్టారు.

ఆ తరవాత నెలలు గడిచాయి. రోజూ ఆయన ఆ గుర్తు పిలవడం మానలేదు. పిలిచి, ఒక్క ఊపిరి పీల్చుకునేంత ఆగి, ముందుకు పోయేవాడు. రోజూ ఆవిడ పెట్టె ముందు కూర్చుని వినడం మానలేదు. ఎవరింట్లో ఎవరికి జలుబో ఆవిడకి తెలుసు. అట్టపెట్టెల కంపెనీ గుమాస్తా కొత్త యాంటెనా కట్టుకుని ఎంత దూరం మాట్లాడాడో తెలుసు. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చి ఆవలిస్తూ హాజరు చెబుతుందని తెలుసు. వాళ్ళకి మాత్రం ఈవిడ ఒక ఖాళీ జాగా. పిలుస్తారు, పలకదు.

చివరికి మాస్టారే షాపుకి వచ్చాడు. జేబులోంచి పిడికిలంత ఇనప డబ్బా తీశాడు. చుట్టూ రెక్కలు, ఒక పక్క మర.

"దీన్ని డమ్మీ లోడ్ అంటారమ్మా. రేడియో వెనక యాంటెనా కేబుల్ ఊడదీసి, అక్కడ దీన్ని బిగించు. నువ్వు మాట్లాడిందంతా ఇది మింగేసి వేడిగా మార్చేస్తుంది. బయటికి పోదు. రోజూ కాసేపు దీనితో మాట్లాడు. మీట అలవాటవుతుంది. హాజరు వేళకి దీన్ని తీసేసి కేబుల్ పెట్టుకో."

"ఎవరికీ వినపడదు కదా?"

"వినపడదు తల్లీ."

ఆ రోజు నుంచి పని నుంచి రాగానే వెనక గది తలుపు దగ్గరికి వేసి, డబ్బా బిగించి, మీట నొక్కేది. మొదట్లో అచ్చంగా పాఠమే. నమస్కారమండీ, కిలో ఎకో టాంగో హాజరు, అంతా క్షేమం, ఓవర్. డబ్బాకి వెటకారం తెలియదు, విసుగు తెలియదు. నెమ్మదిగా పాఠం దాటి మాటలొచ్చాయి. ఇవాళ ఒక ముసలమ్మ కొత్త కళ్ళజోడు పెట్టుకుని తన చేతులు చూసుకుని ఏడ్చిందని చెప్పింది. అత్తగారి తువ్వాళ్ళ గురించి చెప్పింది. నవ్వింది కూడా. మాటలు అయ్యేసరికి డబ్బా గోరువెచ్చగా ఉండేది. దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని, అప్పుడు తీసేసేది.

ముందు గదిలో అత్తగారు అరిచేది. "టీవీ గొంతు ఎందుకురా తగ్గిస్తావు? నాకసలే వినపడి చావదు!"

"తలనొప్పిగా ఉందే," అనేవాడు కొడుకు. పాపం, ఆయనకి రోజూ ఆ వేళకే తలనొప్పి వచ్చేది.

అద్దాలక్క మెడ మీద గడ్డని మొదట చూసింది కూడా అత్తగారే. "ఏమ్మా, మింగుతుంటే అక్కడ ఏదో కదులుతోందే?" అంది. ఆవిడ చెయ్యి పెట్టి చూసుకుంది. గోళీకాయంత. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆసుపత్రిలో సూది గుచ్చి చూశారు. ఇప్పటికి చెడ్డదేమీ కనపడలేదు, కానీ పెరుగుతోంది, తీసేయడమే మంచిది అన్నారు. కోత కోసే డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. "ఇక్కడే గొంతు నరం ఉంటుందమ్మా. జాగ్రత్తగానే చేస్తాం. చాలామందికి ఏమీ కాదు. కొంతమందికి గొంతు బొంగురుపోతుంది. ఎప్పుడైనా, అరుదుగా, గొంతు పోవచ్చు. ముందే చెప్పడం మా ధర్మం."

మొగుడు ఆ గదిలోంచి బయటికి రాగానే, ఇక ఇంట్లో నాకు ఎదురు లేదన్నమాట అని హాస్యమాడాడు. ఆవిడ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. బస్సులో ఇంటిదాకా ఇద్దరూ ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూస్తూ కూర్చున్నారు.

ఆ సాయంత్రం డబ్బాకి చెప్పింది. ఇంకెవరికి చెబుతుంది?

"నాకు భయంగా ఉంది. చచ్చిపోతానని కాదు. అదీ ఉందనుకో. ఇంత గొంతు పెట్టుకుని నేను ఏం మాట్లాడాను? అవునండీ, సరేనండీ, వస్తున్నానండీ. అవే కదా? ఇప్పుడు తీసుకుపోతారేమో. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈ గొంతుతో హాజరు చెప్పాలి. ఆ తరవాత పోతే పోనీ. ఆయనతో చెబుదామంటే, ఆయన నాకంటే భయపడుతున్నారు. నిన్న కూరగాయల సంచీ తెచ్చి స్నానాల గదిలో పెట్టారు. ఏం చెప్పను ఆ మనిషికి? ఓవర్."

డబ్బాకి ఓవర్ చెప్పడమేమిటని తనకే సిగ్గేసింది. కానీ ఆ పూట నుంచి రోజూ అదే మాట. కోత రోజు దగ్గరపడుతున్న కొద్దీ భయానికి కొత్త కొత్త కొమ్మలు వచ్చాయి. మత్తు ఎక్కదేమో. ఎక్కి దిగదేమో. లేచి నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ రాదేమో. షాపులో లెన్సు అరగదీస్తూ రెండు అద్దాలు పాడుచేసింది. అంతకు ముందు ఎప్పుడైనా పాడుచేసిందో లేదో యజమానికే గుర్తు లేదు. హాజరు వేళకి మాత్రం కేబుల్ బిగించి, మైకు పట్టుకుని, తన గుర్తు వినపడగానే కొయ్యబారిపోయేది. మర్నాడు చెబుదాం. మర్నాడు.

ఇక మర్నాడు లేని సాయంత్రం రానే వచ్చింది. పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి. అత్తగారు సంచీ సర్దుతోంది. సర్దినవి తీసి మళ్ళీ సర్దుతోంది. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. డబ్బాతో కాసేపు మాట్లాడింది. మాట్లాడటం కాదు, ఏడ్చింది. హాజరు వేళ మించిపోతోందని గబగబా కళ్ళు తుడుచుకుని రేడియో గొంతు పెంచింది.

మాస్టారి గొంతు వచ్చింది. అట్టపెట్టెల గుమాస్తాని పిలిచాడు. జవాబు లేదు. నర్సమ్మని పిలిచాడు. బుస్సుమన్న చప్పుడే. ఇంకొకరు. లేదు. ఇంకొకరు. లేదు. మాస్టారు మాత్రం "మంచిది, మంచిది" అంటూ సాగిపోతున్నాడు. బయట చినుకులు పడుతున్నాయి. మబ్బు చూసి అందరూ యాంటెనాలు ఊడదీసి కూర్చున్నారేమో అనుకుంది. పాపం, పెద్దాయన ఒక్కడే పిలుచుకుంటున్నాడు. ఒక్కడే ఉన్నాడు!

"కిలో ఎకో టాంగో."

ఒక్క ఊపిరి. ఆవిడ మీట నొక్కింది. ఈసారి గొంతు వచ్చింది.

"నమస్కారమండీ. కిలో ఎకో టాంగో హాజరు. నేను... అద్దాలు అరగదీస్తానండీ. రోజూ వింటాను. ఎప్పుడూ పలకలేదు. భయం. ఎల్లుండి నా గొంతుకి ఆపరేషన్. తరవాత ఈ గొంతు ఉంటుందో ఉండదో తెలీదు. ఉన్నప్పుడు ఒకసారి చెబుదామని. అంతా... అంతా క్షేమమేనండీ. ఓవర్."

మీట వదిలింది. చెవుల్లో హోరు. మాస్టారి గొంతు వచ్చింది, కాస్త తడబడుతూ.

"అందరూ ఒక్క నిమిషం ఆగండి. కిలో ఎకో టాంగో పలికింది. సన్నగా వస్తోంది, మీకెవరికీ అందదు. నేను అందిస్తాను." అని ఆవిడ అన్న ప్రతి మాటా, అద్దాలు అరగదీస్తానన్న దగ్గర్నుంచి క్షేమమే అన్నదాకా, అక్షరం పొల్లుపోకుండా ఊరికి అప్పగించాడు. దూరం నుంచి ఎవరి మాటైనా అందకపోతే మధ్యలో ఉన్నవాళ్ళు అందివ్వడం వాళ్ళలో మామూలే.

అందరూ? అందరూ ఎవరు? మీకెవరికీ అందదంటే? ఆవిడ రేడియో వెనక్కి చెయ్యి పోనిచ్చింది. వేళ్ళకి గోరువెచ్చటి రెక్కలు తగిలాయి.

డబ్బా. ఏడుపులో డబ్బా తీయడం మరిచిపోయింది. కేబుల్ లేని రేడియోకి ఊళ్ళోవాళ్ళ గొంతులు ఎలా వినపడతాయి? అందరూ ఉన్నారు. అందరూ పలికారు. తనకే వినపడలేదు. వినపడింది వెనక వీధిలో ఉన్న మాస్టారు ఒక్కడే. మరి తన మాట డబ్బా మింగేస్తే ఆయనకెలా అందింది?

ఆ ప్రశ్న బుర్రలో పడింది. మళ్ళీ మీట నొక్కింది.

"మాస్టారూ, డబ్బాలోంచి మీకు వినపడుతుందా?"

బుసబుసల్లోంచి మాస్టారి గొంతు తేలింది.

"వినపడుతుంది తల్లీ. వెనక వీధే కదా, కాస్త కారుతుంది. ఇచ్చినప్పుడు వినపడుతుందని నిజంగానే అనుకోలేదు. వినపడ్డాక చెబుదామనుకున్నాను. చెబితే మానేస్తావని ఊరుకున్నాను. గడ్డ సంగతి మొదలుపెట్టాక రేడియో కట్టేసేవాణ్ణి. మళ్ళీ పెట్టేవాణ్ణి. ఒక్కదానివే మాట్లాడుకుంటున్నావు, ఎవరో ఒకరు వినాలి కదా అని. తప్పే. ఓవర్."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకి. స్నానాల గదిలో కూరగాయల సంచీతో సహా విన్నాడా ఈ పెద్దమనిషి! సిగ్గుతో తల కొట్టేసినట్టైంది. కోపంలోనే డబ్బా ఊడబెరికి, కేబుల్ బిగించింది. ఒక్కసారిగా ఊరు ఊరంతా గదిలోకి వచ్చి పడింది. నర్సమ్మ, గుమాస్తా, ఎప్పుడూ రెండు ముక్కలకు మించి మాట్లాడని కరెంటు మేస్త్రీ, ఒకరి మాట మీద ఒకరు అంటున్నారు. ఆవిడని ఒక్కసారి నేరుగా వినిపించమనండి. మేం ఆగుతాం. ఎంతసేపైనా ఆగుతాం.

ఆగారు. గాలి ఖాళీ అయింది. ఆవిడ మైకు నోటి దగ్గర పెట్టుకుంది. బొటనవేలు మీట మీదే ఉంది.

నొక్కలేదు. మాస్టారు ఒక్కడే వింటున్నాడనుకుని మాట్లాడటం వేరు, ఊరంతా ఆగి వింటుంటే మాట్లాడటం వేరు. భయం దానిపాటికది వచ్చి, పాత కుర్చీలో కూర్చుంది. కాసేపు చూసి, "సరే తల్లీ, వెళ్ళిరా. నీ జాగా నీదే," అన్నాడు మాస్టారు. ఆవిడ రేడియో కట్టేసి, చీకటి గదిలో కూర్చుని, చేతకాని దాన్నని తనని తానే తిట్టుకుంది.

తలుపు తెరిస్తే మొగుడు గుమ్మం పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు. చెప్పు తెగింది చూస్తున్నానన్నాడు. చెప్పులు రెండూ వీధి గుమ్మం దగ్గర ఉన్నాయి.

మర్నాడు చేరింది. ఆ మర్నాడు కోశారు.

మెలకువ వచ్చేసరికి తెల్లటి కప్పు, మెడ చుట్టూ బరువైన కట్టు. మంచం ఒక పక్క నర్సు, ఇంకో పక్క మొగుడు. గడ్డం మాసిపోయింది. డాక్టరమ్మ వంగి చూసింది.

"అంతా బాగా జరిగిందమ్మా. ఏదీ, ఏదైనా ఒక్క మాట అను. నీ పేరు చెప్పు చాలు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. అనకపోతే గొంతు ఉండే ఉంటుంది. అంటే తెలిసిపోతుంది. అన్నాక ఇక మార్చుకోవడానికి లేదు. ఇన్నాళ్ళూ మైకు పట్టుకుని వణికిందంతా ఈ ఒక్క క్షణం ముందు పిల్లలాట. కుడిచేతి బొటనవేలు దుప్పటి మీద దేనికోసమో వెతుకుతోంది.

"భయపడకమ్మా. అను," అంది డాక్టరమ్మ.

బొటనవేలు దుప్పటి అంచుని గట్టిగా నొక్కింది.

"కిలో," అంది. గరగరలాడింది. తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంది. అది తన గొంతు కాదు. కానీ గాలీ కాదు. "కిలో... ఎకో... టాంగో."

నర్సు డాక్టరమ్మ వైపు చూసింది. "మత్తు ఇంకా దిగినట్టు లేదు మేడమ్. ఏదో కిలో అంటోంది."

ఆవిడ బొటనవేలు ఇంకా నొక్కే ఉంది. వదిలితేనే కదా ఎదుటివాళ్ళ మాట వినపడేది. ఏం వినాల్సి వస్తుందోనని వదలడానికి భయం. ఒక్కొక్కటిగా వేళ్ళు సడలించింది.

మొగుడు ఎప్పుడూ ఆ రేడియో ముట్టుకున్న మనిషి కాదు. వెనక గదిలోకి అడుగుపెట్టిన మనిషీ కాదు. మంచం కమ్మీ పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు జారిపోతున్నా తుడుచుకోలేదు.

"కిలో ఎకో టాంగో," అన్నాడు, మాస్టారు పిలిచినట్టే, ఒక్కొక్క ముక్కా విడివిడిగా. "వినపడుతోంది. బాగా వినపడుతోందే. రోజూ వినపడేది." ఒక్క ఊపిరి పీల్చుకునేంత ఆగాడు. "ఓవర్."

ఇక తన వంతు. ఆవిడ మళ్ళీ దుప్పటి అంచు నొక్కింది.